పూజలో పెట్టిన తుపాకి

రాయదుర్గం
12 ఫిబ్రవరి 2006

అక్కా,

నువ్వు పంపిన చెనక్కాయల పొడి అందింది. క్షేమసమాచారాలు ఇంతటితో సరి, అసలు సంగతికి వస్తాను.

ఎనిమిదేళ్ళ కింద పోలీసులు పగలగొట్టిన నా తుపాకిని మళ్ళీ చేస్తున్నాను. అదే కొలత, అదే బరువు. ఈసారి నా కోసం కాదు, ఓబులేష్ కోసం. చేసి, నల్ల రంగు కొట్టి, వాడి జీన్స్ యూనిట్‌లో దాచిపెట్టి, స్టేషన్‌కు ఒక ఆకాశరామన్న కార్డు రాస్తాను. నన్ను ఎట్లా పట్టించాడో వాడినీ అట్లాగే పట్టిస్తాను.

ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు అంటావేమో. మొన్న వాడి యూనిట్‌లో ఓవర్‌లాక్ మిషన్ బాగుచేస్తుంటే నా వెనకాల నిలబడి అందరికీ చెప్పాడు, "ఈసారి మా ఊర్లో సర్పంచుకు నేనే నిలబడతాండా. ఊరికి ఏదన్నా మంచి చేయల్ల కదప్పా" అని. నా చేతిలో స్క్రూడ్రైవర్ జారింది. వాడు వంగి తీసి నా ఎడమ చేతిలో పెట్టాడు. కుడి చెయ్యి పనికిరాదని వాడికి అంత బాగా తెలుసు. అక్కడే నిర్ణయించుకున్నాను.

జరిగిందంతా నీకు తెలిసిందే. అయినా మళ్ళీ రాస్తాను. రాస్తుంటే లోపల మండుతుంది, ఆ మంట నాకు కావాలి.

తొంభై ఎనిమిదిలో జపాను నుంచి దిగిన పాత కుట్టుమిషన్ పెట్టెలో, మిషన్ కదలకుండా నలిపి కుక్కిన కాగితాలు వచ్చాయి. ఒక దాంట్లో తుపాకి బొమ్మ, దాన్ని నిలువునా కోసి లోపలి భాగాలు చూపించిన పటం. అంతా జపాను రాత. ఎయిర్‌సాఫ్ట్ అని ఒక్క మాట మాత్రం ఇంగ్లీషులో ఉంది. మందు లేదు, నిప్పు లేదు. స్ప్రింగు గాలిని తోస్తుంది, గాలి బఠాణీగింజంత ప్లాస్టిక్ గుండును తోస్తుంది. పెద్దవాళ్ళు ఆడుకునే ఆటవస్తువు. అది చూసి నాకు పిచ్చి పట్టింది. సైకిల్ పంపు, కిరోసిన్ స్టవ్ వాషరు, చెడిపోయిన రేడియో ఏరియల్, ఏది దొరికితే దాన్ని ఆకురాయితో అరగదీసి ఐదు నెలలు కూర్చున్నాను.

నువ్వు దసరాకు ఊరికి వచ్చిన నాటికి అది పూర్తయింది. ఆయుధ పూజలో నా కత్తెరల పక్కన, స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టి కుంకుమ పెట్టాను. "ఇదేందిరా" అని నువ్వు అడిగితే "రేపు చూపిస్తాలే" అన్నాను. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటిదాకా ముట్టకూడదు కదా. ఆ మరునాడు రానేలేదు. సాయంత్రానికే పోలీసు జీపు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో రెండు వర్గాలు బాంబులు వేసుకుంటున్న రోజులు. తుపాకి ఎవరికి చేశావని అడిగారు. బొమ్మ సార్ అన్నాను. ఆ మాటకే కొట్టారు. రెండు రోజుల తర్వాత అనంతపురం నుంచి వచ్చిన పెద్ద అధికారి దాన్ని పేల్చి చూశాడు. పసుపుపచ్చ గుండు గోడకు తగిలి కింద పడింది. అందరూ నవ్వారు. నవ్వి, దాన్ని బండకేసి కొట్టి, నన్ను వదిలేశారు. అప్పటికే నా మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. ఒక చెవి పూర్తిగా పోయింది, ఇంకొకటి సగం. నీతో ఫోన్లో రెండు మాటలు మాట్లాడలేక ఇట్లా ఉత్తరాలు రాసుకోవడం ఎవడి పుణ్యం?

బావ మగ్గంలో పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె, అరిగిపోయినది ఒకటి ఉంటే పంపు. ఆ కట్టె గట్టిది, చేతులు ఆడి ఆడి నున్నగా ఉంటుంది, పిడికి పనికొస్తుంది. జకార్డు మిషన్లు బాగుచేసే ఈశ్వరప్పను అడిగి చిటికెన వేలు లావు, జానెడు పొడుగు స్ప్రింగు ఒకటి తీసుకో. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పు.

నాగేశ్వర


ధర్మవరం
27 ఫిబ్రవరి 2006

తమ్ముడు నాగేశ్వరకు అక్క సువర్ణ రాసుకునేది ఏమంటే,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో వేసినాను. మీ బావ కంట పడకూడదని. ఆయనకు నీ మీద ఉన్న మంచి అభిప్రాయం నేనెందుకు చెడగొట్టల్ల?

ఎనిమిదేళ్ళయింది. నువ్వు ఎడమ చేత్తో మిషన్లు బాగుచేయడం నేర్చుకున్నావు. రాయదుర్గంలో నీ పేరు చెప్తే ఎవరైనా దారి చూపిస్తారంట, మొన్న చీరలకు వచ్చిన షావుకారు చెప్పినాడు. నాకు ఎంత గర్వంగా ఉండిందో. ఇప్పుడు ఇదంతా మట్టిలో కలుపుతావా?

ఇంకొక మాట. ఓబులేషే చెప్పినాడని నీకు ఎవరు చెప్పినారు? చూసినోళ్ళు ఉండారా, విన్నోళ్ళు ఉండారా? ఆ పొద్దు ఊర్లో ఎంతమంది పండగకు వచ్చినారు, ఎవరి కంట పడిందో, ఎవరు ఏమనుకున్నారో. తెలియని దానికి ఒక మనిషిని జైలుకు పంపిస్తే ఆ పాపం ఎవరికి?

నాడె పంపుతాండాను. ఇది మీ బావ పెండ్లయిన కొత్తలో వాడిన నాడె. స్ప్రింగు కూడా ఈశ్వరప్ప దగ్గర తెచ్చినాను. సరిపోతుందో లేదో నాకేం తెలుసు. సరిపోకపోతే ఆ పని అంతటితో మానుకో. మామూలుగా నీకు ఇష్టమైన పని ఏదన్నా చేసుకో.

మగ్గం మీద పెళ్ళి చీర సగంలో ఉంది. వానలు లేక కరెంటు లేక అందరి మొహాలూ ఒకేలాగా ఉండాయి. వేళకు తిను.

అక్క


రాయదుర్గం
2 ఏప్రిల్ 2006

అక్కా,

నాడె అందింది. పిడికి కోసి, చెక్కి, ఇసుక కాగితం పట్టాను. ఎడమ చేతికి కుదిరేలా చేయడానికి ఇరవై రోజులు పట్టింది. కుడి చేత్తో అయితే నాలుగు రోజుల పని. ఆ పదహారు రోజులు కూడా ఓబులేష్ ఖాతాలోనే రాసుకున్నాను.

స్ప్రింగు మాత్రం దండగ. రెండు మూడు చుట్లు తక్కువ ఉంది. కొసన కత్తిరించిన గుర్తు కనిపిస్తోంది. ఈశ్వరప్ప నిన్ను ఆడమనిషి కదా అని మోసం చేశాడు. బళ్ళారి పోయి వేరేది తెచ్చుకున్నాను.

ఎవరు చెప్పారని అడిగావు కదా, విను. ఆ రోజు పూజ గదిలో తుపాకిని చూసింది ముగ్గురే. నేను, నువ్వు, పండగ పలకరింపుకు వచ్చిన ఓబులేష్. నేను చెప్పుకోలేదు. నువ్వు నా అక్కవి. ఇంకెవరు మిగిలారు? ఇంకొకటి. స్టేషన్ నుంచి వచ్చాక వాడి ఇంటికి పోయి మొహం మీదే అడిగాను, "నువ్వే కదరా చెప్పినావు" అని. నేను కాదు అని ఒక్క మాట అనలేదు. తల దించుకున్నాడు. కాని పనికి ఎవడైనా తల దించుకుంటాడా?

అందుకే ఊరంతా తిరిగి వాడే ఇన్‌ఫార్మర్ అని చెప్పాను. ఆ రోజుల్లో ఆ పేరు పడితే ఎట్లా ఉండేదో నీకు తెలుసు. వాడి దగ్గర కూర్చుని బీడీ తాగేవాళ్ళు లేకుండా పోయారు. ఆర్నెల్లలో మూటాముల్లె సర్దుకుని రాయదుర్గం వచ్చాడు. వాడి ఖర్మకు అదే కలిసొచ్చి ఇరవై మిషన్ల యూనిట్ పెట్టాడు. నాకు పిలిచి పని ఇస్తున్నాడు, ఎవరికీ ఇవ్వనంత మర్యాద ఇస్తున్నాడు. ఏ తప్పూ చేయనివాడు ఇట్లా చేస్తాడా?

ఒక్క సంగతి మాత్రం నీకే చెప్తాను. పని మొదలుపెట్టింది పగ కోసమే. కానీ రోజూ సాయంత్రం తలుపేసుకుని కూర్చుంటే నాకు ఓబులేష్ గుర్తుకు రావడం లేదు. పంపు గొట్టం లోపల నూనె గుడ్డతో రుద్దుతుంటే, వాషరు గాలి పోకుండా గట్టిగా పట్టుకున్నప్పుడు వేలికి తెలిసే ఆ ఒత్తిడి, దాని సుఖమే వేరు. ఆ జపాను కాగితాన్ని పోలీసులు తీసుకుపోయారు. అయినా పటం మొత్తం నా తలలో ఉంది. తర్వాత పడుకోబోయేటప్పుడు వాడు గుర్తొస్తాడు. అప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది, ఇంతసేపు మరిచిపోయినందుకు.

నాగేశ్వర


ధర్మవరం
20 ఏప్రిల్ 2006

నాగేశ్వరకు,

నువ్వు రాసింది చదివి ఒకటి అడగాలనిపించింది. పోలీసులకు చూపించేదానికి కట్టెముక్కకు నల్ల రంగు పూస్తే చాలు కదా. అది పేలనక్కరలేదు కదా. పేలనక్కరలేని దానికి బళ్ళారి దాకా పోయి స్ప్రింగు తెచ్చుకుంటివే, ఎందుకు? నీకు ఆ పని కావాలి, పగ కాదు. పని చేసుకో. చేసి నాకు పంపు. నేను దాచిపెడతాను.

ఓబులేష్‌ను ఇంకొకసారి అడుగు. కోపంగా కాదు, మామూలుగా అడుగు. తల దించుకున్నోళ్ళంతా తప్పు చేసినోళ్ళు కాదు. కొంతమంది ఇంకొకరి కోసం కూడా దించుకుంటారు.

లేకపోతే ఈడికే వచ్చెయ్. ధర్మవరంలో మిషన్లు లేవా, మగ్గాలు లేవా? మీ బావ కూడా అంటాండాడు. ఎన్నికలు అయ్యేదాకానైనా వచ్చి ఉండు. నా మీద ఏ మాత్రం ప్రేమ ఉన్నా ఆ కార్డు రాయొద్దు.

ఒంట్లో బాగలేదు, ఎక్కువ రాయలేను.

అక్క


రాయదుర్గం
18 జూలై 2006, మంగళవారం

అక్కా,

ఇన్నాళ్ళు నీకు రాయలేదు. రాస్తే మళ్ళీ వద్దంటావని. పని అయిపోయింది.

ముందు దాని సంగతి చెప్తాను. మూరెడు ఉంది, చేతిలో బరువుగా కూర్చుంటుంది. వెనక్కి లాగితే టిక్కుమని పట్టుకుంటుంది. ఆ టిక్కు నాకు చెవికి వినపడదు, అరచేతికి తెలుస్తుంది. జాతరలో అమ్మే పసుపు గుండ్లు పాకెట్ కొని ఇంటి వెనక గోడ దగ్గర అగ్గిపెట్టె నిలబెట్టి ఇరవై అడుగుల నుంచి కొట్టాను. పదింటిలో ఏడు తగిలాయి. మొదటి తుపాకి పదింటిలో మూడు కూడా తగిలేది కాదు. రెండు చేతులున్నప్పటి కంటే ఒక చేత్తో మంచిది చేశాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప మనిషి లేడు.

ఇక రెండో సంగతి. ఈ రోజు పొద్దున దాన్ని ఓబులేష్ యూనిట్‌లో పెట్టేశాను. మూలన పాడైపోయిన మిషన్ బల్ల కింద, జీన్స్ ముక్కల మూటలో. ఆ మిషన్ జోలికి నేను తప్ప ఎవరూ పోరు. సోమవారం వాడు నామినేషన్ వేస్తాడు. ఆ పొద్దున్నే కార్డు పోస్టు డబ్బాలో పడుతుంది. ఎన్నికల్లో నిలబడినవాడి దగ్గర తుపాకి అంటే పోలీసులు పరుగెత్తుకుంటూ వస్తారు. అది బొమ్మ అని తేలడానికి రెండు రోజులు పడుతుంది. నాకు కూడా రెండు రోజులే పట్టింది. వాడు కూడా "బొమ్మ సార్" అనాలి. ఆ మాట అన్నప్పుడు వాళ్ళ మొహాలు ఎట్లా మారతాయో చూడాలి.

జాలి చూపించమని రాయకు. ఇక్కడ జూలై సగం అయినా చినుకు లేదు, విత్తనం మూటలు అట్లాగే ఉన్నాయి, ఊరి వాళ్ళంతా ఆ పాత పేరు పక్కన పెట్టి, ఓబులేష్ గెలిస్తే చెరువు పూడిక తీయిస్తాడని ఆశగా ఉన్నారు. నాకు ఒక్క పిసరు కూడా బాధ లేదు.

నాగేశ్వర


ధర్మవరం
21 జూలై 2006

నాగేశ్వరా,

ఇది లింగన్న చేతికి ఇస్తాండాను. ఆయన రాయదుర్గం బస్సు కండక్టరు, మన వీధిలోనే ఉంటాడు. పోస్టులో వేస్తే సోమవారంలోగా అందదు. నీ చేతికే ఇమ్మని, నువ్వు చదివేదాకా కదలొద్దని చెప్పినాను.

ఓబులేష్ కాదు. నేను.

పండగ పొద్దు మధ్యాహ్నం నువ్వు టెంకాయలకు పోయినావు. వాకిట్లో ఎర్ర జీపు వచ్చి నిలబడింది. తెల్ల గుడ్డల మనుషులు ముగ్గురు. "మిషన్ నాగేశ్వర యాడమ్మా? ఆయనతో పని ఉండాది. రేపు వచ్చి పిల్చుకపోతాం" అన్నారు. ఏ వర్గం మనుషులో మొహాలు చూస్తేనే తెలిసింది. లోపలికి వస్తే పూజలో తుపాకి. దానికి కుంకుమ పెట్టి పూలు పెట్టినావు. అడిగితే చెప్పలేదు, చూపించమంటే ముట్టుకోలేదు. అంత భక్తిగా పెట్టినావంటే అది నిజమైనదే అనుకున్నాను. వాళ్ళకే చేసినావు, రేపు వాళ్ళ వెంట పోతావు, ఎల్లుండి ఏదో ఒక రోడ్డు పక్కన పడి ఉంటావు అనుకున్నాను. అమ్మ పోయినాక నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. నాకు ఇంకేమీ తోచలేదు.

వెనక వీధిలో కానిస్టేబుల్ బాలప్ప ఇంటికి పోయినాను. "మా తమ్ముడి దగ్గర తుపాకి ఉంది. దాన్ని తీసుకపోండి. రెండు దెబ్బలేసి భయపెట్టండి, ఆ జీపోళ్ళ వెంట పోకుండా చేయండి" అని చెప్పినాను. రెండు దెబ్బలు అని నా నోటితోనే అన్నాను.

తర్వాత మూడు నెలలు నా ఇంట్లోనే ఉంటివి. నేను ముద్దలు కలిపి నోట్లో పెడతాంటే "చెప్పినోడి చేతులు పడిపోవల్ల" అంటాంటివి. నేను ఊ అని ఇంకో ముద్ద పెడతాంటిని. చెప్పేస్తే నువ్వు ఆ ముద్ద తినవు. తినకపోతే చచ్చిపోతావు. కొంచెం కోలుకోనీ, తర్వాత చెప్తామనుకున్నాను. నువ్వు కోలుకునేసరికి ఓబులేష్ పేరు ఊరంతా పాకిపోయింది. అప్పుడు నోరు రాలేదు. స్ప్రింగు కత్తిరించింది కూడా ఈశ్వరప్ప కాదు, నేనే. అట్లన్నా ఆగిపోతావని.

ఆ మనిషి యూనిట్‌లోంచి దాన్ని తీసెయ్. పగ తీర్చుకోవాలని ఉంటే నేను ఈడే ఉండాను.

సువర్ణ


రాయదుర్గం
23 జూలై 2006, ఆదివారం

సువర్ణకు,

నీ ఉత్తరం చదివేదాకా లింగన్న నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను.

ఆ ఎర్ర జీపు ఎందుకు వచ్చిందో చెప్తాను. పెద్దింటి ఆమె కుట్టుమిషన్ ఆగిపోయింది. పండగ మరునాడు వచ్చి బాగుచేయమని చెప్పడానికి వచ్చారు. ఆరు నెలల తర్వాత నేనే పోయి ఎడమ చేత్తో బాగుచేసి వచ్చాను. అంతే ఆ జీపు సంగతి. నన్ను అడిగి ఉంటే ఆ సాయంత్రమే తెలిసేది. నువ్వు అడగలేదు. కానిస్టేబుల్‌తో చెప్పడానికి నోరు వచ్చింది, తమ్ముణ్ణి అడగడానికి రాలేదు.

నేను నిన్ను తిట్టింది నీ మొహం మీదే. నువ్వు ఊ కొట్టింది నా మొహం మీదే. ఇన్నేళ్ళలో నాకు ఇంతకంటే సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు. స్టేషన్‌లో కూడా.

తుపాకిని ఓబులేష్ దగ్గర నుంచి తీసేశాను. ఇదిగో, జీన్స్ ముక్కల్లో చుట్టి, గుండ్ల పాకెట్‌తో సహా లింగన్న చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపు సోమవారం. కార్డు మార్చి రాశాను. ఇప్పుడు దాని మీద మీ ఊరి స్టేషన్ పేరుంది, లోపల మీ వీధి, మీ తలుపు రంగు, నీ పేరు ఉన్నాయి. పొద్దున్నే డబ్బాలో వేస్తాను. రెండో రోజో మూడో రోజో వస్తారు. బావను ఆ రోజుల్లో ఇంట్లో లేకుండా చూసుకో, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు.

దాన్ని బావిలో పడేస్తావో, దాచుకుంటావో నీ ఇష్టం. వాళ్ళు వస్తే బొమ్మ అని చెప్పు. చెప్పి చూడు.

నాగేశ్వర


ధర్మవరం
28 జూలై 2006

నాగేశ్వరకు,

ఎవరూ రాలేదు. అందుకని ఈ ఉత్తరం రాసేదానికి నాకు వేళ చిక్కింది.

మీ బావను పట్టు రేషం తెచ్చేదానికి హిందూపురం పంపినాను. తుపాకిని పడేయలేదు, దాచలేదు. మగ్గం పైన గోడకు మేకు కొట్టి తగిలించినాను, వాకిట్లోంచి చూస్తే కనపడేట్టు. మంగళవారం పొద్దున స్నానం చేసి, మంచి చీర కట్టుకుని మగ్గంలో కూర్చున్నాను. జీపు చప్పుడు వినపడితే చాలు, చెయ్యి ఆగిపోయేది. ఎన్నికలు కదా, పల్లెలకు పోయే జీపులు పొద్దంతా తిరుగుతానే ఉండాయి. ఒక జీపు మన వాకిట్లోనే నిలబడింది. లేచి పోయి తలుపు పూర్తిగా తెరిచినాను. డ్రైవరు దారి అడిగి పోయినాడు. తిరిగి వచ్చి చూసుకుంటే చీరలో పోగులు తప్పినాయి. పెళ్ళి చీర, ఇప్పుడు జానెడు మేర విప్పి మళ్ళీ నేయల్ల.

నువ్వు స్టేషన్‌లో ఉన్న రెండు దినాలు ఎట్లుండినావో అని ఎనిమిదేళ్ళుగా అనుకుంటానే ఉండాను. అనుకోవడం వేరు. కూర్చోవడం వేరు. ఇప్పుడు కొంచెం తెలిసింది. కొంచెమే. నన్ను ఎవరూ కొట్టలేదు కదా.

నిన్న పొద్దున దాన్ని గోడ మీది నుంచి దించినాను. నువ్వు ఏం చేసినావో చూడల్ల అనిపించింది. వెనక్కి లాగేదానికి బలం చాలక మోకాలికి ఆనించుకుని లాగినాను. పెరట్లో గోడ మీద నూనె డబ్బా పెట్టి పేల్చినాను. చిన్న చప్పుడు. చీర మడత దులిపితే అంత చప్పుడు వస్తుంది. పసుపు గుండు పోయి డబ్బాకు తగిలి కింద పడింది. డబ్బా కదలను కూడా కదలలేదు. దాన్ని చేతిలో పెట్టుకుని గుండుని చూస్తా నిలబడినాను. దీనికా నాగేశ్వరా. దీనికోసమా నేను బాలప్ప ఇంటికి పరిగెత్తింది.

ఆ పొద్దు ఒక్క దినం ఆగింటే నువ్వే నాకు పేల్చి చూపించి ఉందువు. నేను నవ్వి ఉందును. అంతటితో అయిపోయి ఉండును.

మళ్ళీ మళ్ళీ పేల్చినాను. ఎంత బాగా చేసినావు. పిడి నా ఎడమ చేతికి కూడా సరిగ్గా కుదిరింది. ఇంత మంచి పనివాడి చెయ్యి నేను పోగొట్టినాను. నన్ను క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం నాకు లేదు.

ఈ పొద్దు కూడా తలుపు తీసే ఉంచినాను.

సువర్ణ


రాయదుర్గం
1 ఆగస్టు 2006

అక్కా,

తలుపు వేసుకో. ఎవరూ రారు. కార్డు డబ్బాలో వేయలేదు. సోమవారం నుంచి బుధవారం దాకా రోజూ పొద్దున డబ్బా ముందర నిలబడి తిరిగి వచ్చాను. నా మంచితనం అనుకోవద్దు. మొదటి రోజు వేయబోయి, రేపు వేస్తే నువ్వు ఇంకొక రోజు ఎక్కువ ఎదురుచూస్తావని ఆగాను. రెండో రోజూ అదే లెక్క. మూడో రోజు చెయ్యి లేవలేదు, ఎందుకో తెలియదు.

జీపు చప్పుడుకు నీ చెయ్యి ఆగిపోయిందని చదివితే నాకు తృప్తిగా అనిపించింది. నిజం చెప్తున్నాను. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. తలుపు పూర్తిగా తెరిచినాను అన్న చోట మాత్రం ప్రతిసారీ ఆగిపోయాను.

నిన్న నీ ఉత్తరం అందగానే ఓబులేష్ దగ్గరకు పోయాను. మధ్యాహ్నం మిషన్లు ఆపి అందరూ అన్నాలకు కూర్చున్న వేళ. "ఆ పొద్దు చెప్పింది నువ్వు కాదంట" అన్నాను. వాడు అన్నం కలుపుతూనే "తెలుసప్పా" అన్నాడు. నాకు సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. నాకు వినపడాలని గట్టిగా అరిచి చెప్పాడు. ఇరవై మందీ తినడం ఆపి విన్నారు.

"ఆ పొద్దు మీ అక్క బాలప్ప ఇంట్లోంచి వస్తాంటే నాకు ఎదురొచ్చింది. సాయంత్రం జీపు వచ్చినప్పుడే అర్థమయింది."

"మరి నేను వచ్చి అడిగినప్పుడు నోరెందుకు తెరవలేదు? ఊరంతా నీ పేరు చెడగొడతాంటే ఎందుకు ఊరుకున్నావు?"

"రెండు చేతులకూ కట్లతో వచ్చి నిలబడితివి. నీకు అన్నం తినిపిచ్చే మనిషి ఆయమ్మ ఒకతే. ఆ పేరు నేను చెప్పి, నీకు ఆ ముద్ద కూడా లేకుండా చేయల్లనా?"

"తర్వాతన్నా చెప్పొచ్చు కదా."

"తర్వాత అలవాటైపాయ" అన్నాడు. అని, "కూర్చో, తిను" అన్నాడు. వాడి యూనిట్‌లో ఇన్నేళ్ళు పనిచేసి ఒక్క పూట తినలేదు నేను. నిన్న తిన్నాను. వాడి బల్ల కింద తుపాకి పెట్టిన సంగతి, దాని గురి సంగతి కూడా అక్కడే చెప్పేశాను. వాడు నాకు ఇంకొంచెం కూర వేసి, "పదింటిలో ఏడు తగులుతాయా నిజంగా?" అని అడిగాడు.

ఎనిమిదేళ్ళు ఆ మనిషిని పగబట్టాను. నీ మీద పగబట్టి పది రోజులు కూడా కాలేదు. ఈ కోపం ఇంకా పచ్చిగా ఉంది, తగ్గిందని రాస్తే అబద్ధం. కానీ నేను చేసిన తప్పు నీ తప్పు కంటే చిన్నది కాదు. నువ్వు భయపడి ఒకసారి చెప్పావు. నేను చూడనిదాన్ని ఇంటింటికీ తిరిగి చెప్పాను, ఒక మనిషిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాను.

అందుకని అదే ఊళ్ళో, అవే ఇళ్ళకు మళ్ళీ పోవాలి. నేను ఒక్కణ్ణే పోయి నీ పేరు చెప్తే అది ఇంకొక చాడీ అవుతుంది. నువ్వు పక్కన ఉండాలి, నీ నోటితోనే చెప్పాలి. ఓబులేష్ వద్దంటున్నాడు, ఓట్ల కోసం నాటకం ఆడిస్తున్నానంటారు అని. సరే, ఎన్నికలు అయ్యాకే పోదాం. ఫలితాలు వచ్చిన తర్వాతి శుక్రవారం పొద్దున బస్సుకు వచ్చి, మన ఊరికి పోవడానికి బెళుగుప్పలో దిగు. నేను బస్టాండులో ఉంటాను. దారిలో నాతో మాట్లాడొద్దు. ఏడవొద్దు. చివరి ఇంట్లో కూడా చెప్పడం అయ్యాక, మాట్లాడాలనిపిస్తే నేనే మాట్లాడతాను.

కార్డు నా జేబులోనే ఉంది. నువ్వు బస్సు దిగితే నీ ముందరే చింపుతాను.

నాగేశ్వర